తొంభై రాళ్ళు

ఆ శనివారం కోసం ప్రణీత వేసుకున్న పథకం అరచేతిలో పట్టేంత చిన్నది. తొమ్మిదింటికి బాపు వ్యానులో బయలుదేరాలి. పదింటికల్లా సముద్రం ఒడ్డున ఉన్న గులకరాళ్ళ కట్ట మీదికి చేరాలి. అక్కడ కాలినడకన అందేంత ఎడంలో మూడు చోట్ల, చోటుకు ముప్పై చొప్పున, తొంభై రాళ్ళు కొలవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఆ పథకంలో ముగ్గురే మనుషులున్నారు: రాళ్ళు కొలిచే తను, వ్యాను నడిపే బాపు, ఇంట్లో అన్నం వండే అమ్మ.

ఆ కట్ట పేరు కైటొరెటె. క్రైస్ట్‌చర్చ్‌లో వాళ్ళు ఉంటున్న ఇంటికి గంట దూరం. ఒకవైపు సరస్సు, ఒకవైపు మహాసముద్రం, నడుమ పాతిక కిలోమీటర్ల పొడవునా రాళ్ళే రాళ్ళు. వేసవిలో జనం సరదాగా వెళతారు. జూలై నెలలో, దక్షిణం నుంచి మంచుగాలి వీచే రోజుల్లో, పనున్నవాళ్ళు మాత్రమే వెళతారు. ప్రణీతకు పనుంది.

ఆమె జగిత్యాల దగ్గరి ఒక పల్లెలో పదో తరగతి చదివి, ఎనిమిది నెలల కిందట అమ్మతో కలిసి ఇక్కడికి వచ్చింది. తండ్రి విఠల్ అంతకు అయిదేళ్ళ ముందే వచ్చి, కొత్త ఇళ్ళ చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజాలు కట్టే పనిలో కుదురుకున్నాడు. బడిలో ప్రణీత మాట్లాడేది రెండే మాటలు, ఒకటి "యెస్", రెండోది "సారీ". జాగ్రఫీ అంటే మాత్రం ఇష్టం. పటం ఎవరినీ లేచి నిలబడి జవాబు చెప్పమనదు. తరగతిలో జంటలుగా చేయాల్సిన పనుల్లో పక్కనున్న అమ్మాయే అన్నీ చేసేసేది, ప్రణీత పెన్సిల్ చెక్కి ఇచ్చేది. ఇలా ఆరు నెలలు చూశాక టీచరు మిస్ హార్పర్ ఆమెను ఒకరోజు కూర్చోబెట్టి, ఒక్కొక్క మాటే నిదానంగా చెప్పింది.

"తరగతి అంతా కట్ట మీదికి వెళ్ళిన రోజు నీకు జ్వరం. కాబట్టి నువ్వు మీ వాళ్ళతో వెళ్ళు. కానీ కొలవడం, రాయడం నువ్వొక్కదానివే చేయాలి. ఎవరి సాయమూ వద్దు. నీకు ఎంత అర్థమవుతోందో నాకు తెలియాలి. ఇది పాసైతే నా తరగతిలోనే ఉంటావు. లేకపోతే వచ్చే టర్ము నుంచి ఇంగ్లిష్ సపోర్టు గదికి వెళ్ళాలి."

ఆ గది ప్రణీతకు తెలుసు. రోజూ దాని ముందు నుంచే వెళుతుంది. అందులో పదమూడేళ్ళ పిల్లలు పండ్ల బొమ్మలకు రంగులు వేసి కింద పేర్లు రాస్తుంటారు. కిటికీకి మనిషంత అరటిపండు బొమ్మ అతికించి ఉంటుంది. ప్రణీతకు పదహారేళ్ళు.

మిస్ హార్పర్ మూడు పేజీల సూచనలూ, ఒక వెర్నియర్ కాలిపర్సూ ఇచ్చింది. ఊళ్ళో బడిలో వెర్నియర్ కాలిపర్స్ ఎప్పుడూ బీరువాలోనే ఉండేది, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర ఉండేది. ప్రణీత దాని బొమ్మ మూడేళ్ళలో ఇరవైసార్లు గీసింది, చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. శుక్రవారం బడి నుంచి రాగానే ఇంట్లో చెంచాలు, గుండీలు, మిరియాలు కొలుస్తూ కూర్చుంది.

"అమ్మా, బాపూ నేనే పోతం. రెండు గంటల పని, గంతే" అని సాయంత్రం చెప్పింది.

తల్లి సావిత్రి తలూపింది. తలూపుతూనే ఫోను అందుకుంది. ఈ దేశంలో ఆమె అన్నిటికంటే ముందు నేర్చుకున్న నియమం ఒకటుంది. రాజ్యం అక్కకు చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళొస్తే, తర్వాత ఆమెకు సంజాయిషీ చెప్పడానికి, వెళ్ళిరావడానికి పట్టిన సమయం కంటే ఎక్కువ పడుతుంది.

"ఏం లేదక్కా, మా పిల్లకు సముద్రం కాడ ఏదో రాళ్ళ పనుందట. తండ్రీబిడ్డలు జర పోయొస్తరట" అంది.

"సముద్రమా? మరి మాకు చెప్పరేం సావిత్రీ? మేమేవన్నా పరాయివాళ్ళమా?" అవతలి నుంచి రాజ్యం గొంతు వంటింటంతా నిండింది. ఆమెది తెనాలి. రెండు వీధుల అవతల ఉంటుంది. పిండివంటలు చేసి తెలుగు ఇళ్ళకు అమ్ముతుంది. ఆమె నోటి దాకా వెళ్ళిన కబురు ఊరంతటికీ చేరినట్టే.

"గట్ల కాదక్కా, ఇస్కూల్ పని. పిల్లొక్కతే చెయ్యాల్నట..."

"చాల్లే! ఒక్కతీ చెయ్యడమేవిటి, దిక్కూమొక్కూ లేనట్టు? మనవంతా లేవూ? నేను పులిహోర కలుపుతాను. విద్యాసాగర్ గారికి కూడా చెప్తాను. ఆయన సివిల్ ఇంజినీరు. రాళ్ళ గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది చెప్పు?"

ప్రణీత పక్కనే నిలబడి చేతులు ఊపుతోంది. సావిత్రి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "పెద్దమనిషి అంత ప్రేమగ అడుగుతుంటే వద్దని ఎట్లంటం బిడ్డా?" అంది.

తొమ్మిదింటి ప్రయాణం పావు తక్కువ పన్నెండుకు మొదలైంది. బాపు వ్యాను వెనక నాలుగు కార్లు, పదిహేడు మంది, రెండు గుండిగలు, ఒక గ్యాసు పొయ్యి, పాటలకు స్పీకరు, నీడకు ఒక గుడారం. నీడ ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ రోజు సూర్యుడే లేడు.

కట్ట మీద కాలు పెట్టగానే ప్రణీతకు ముందు చప్పుడు వినిపించింది. అల వెనక్కి పోయేటప్పుడు లక్షల రాళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి, ఎవరో చాలా పెద్ద చాటలో కందులు చెరుగుతున్నట్టు. బూడిదరంగు రాళ్ళు, ఆకుపచ్చవి, తెల్ల చారలవి, గుడ్డులా నున్ననివి. చూపు ఆనినంత దూరం వాటి వంపు సాగిపోయి మబ్బులో కలిసిపోయింది. ఆమె ఒక్క నిమిషం అన్నీ మరచిపోయింది.

రెండో నిమిషంలో గుడారం ఎగిరిపోయింది. నలుగురు మగవాళ్ళు దాని వెంట సరస్సు వైపు పరుగెత్తారు. ఆ సందట్లో ప్రణీత సంచీ భుజాన వేసుకుని జారుకుంది.

సూచనల్లో రాళ్ళు ఎలా తీయాలో వివరంగా ఉంది. చూసి తీయకూడదు. చూసి తీస్తే చెయ్యి దానంతటదే అందమైన రాయి వైపు పోతుంది, లెక్క పాడవుతుంది. అందుకని కళ్ళు మూసుకోవాలి, ఒక అడుగు వేయాలి, వంగి, కాలి బొటనవేలి ముందు ఏ రాయి తగిలితే దాన్నే తీయాలి. కొలిచి, రాసుకుని, మళ్ళీ కళ్ళు మూసుకోవాలి. ప్రణీత అక్షరం తప్పకుండా అలాగే చేసింది. ఒకటి, రెండు, మూడు. పద్దెనిమిదో రాయి దగ్గర ఉన్నప్పుడు, దూరంగా గుండిగల దగ్గర నుంచి తల్లి చూసింది.

"అక్కా, మా పిల్లను చూడున్రి. కండ్లు మూసుకొని నడుస్తున్నది."

రాజ్యం చేతిలో గరిటె ఆగింది. "ఎప్పట్నించి?"

"ఏమో అక్కా. వంగుతది, రాయి తీస్తది, దాని దిక్కు చూసి ఏదో గొణుగుతది, మళ్ల కండ్లు మూసుకుంటది."

"మొక్కేదన్నా ఉందా?"

"మాకేం మొక్కులు లేవు."

"అయితే గాలే" అని తేల్చేసింది రాజ్యం. "వయసొచ్చిన పిల్ల, కొత్త చోటు, జుట్టు విరబోసుకుని..."

"జడ నేనే ఏసిన అక్కా."

"ఊడిపోయింది చూడు. గాలి పట్టిందంటే ముందు జడే ఊడుతుంది."

ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి ప్రణీతను చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. "ఆంటీ, అట్ల కాదు, అది మెథడ్..." అని ఆమె అంటూనే ఉంది. "మాట్లాడకు తల్లీ, నీరసం వస్తుంది" అంటూ రాజ్యం ఆమెను తూర్పు ముఖంగా కూర్చోబెట్టింది. కీరదోసకాయ ముక్కల కోసం తెచ్చిన ఉప్పు, బజ్జీల పక్కకు తెచ్చిన ఎండుమిరపకాయలు దిష్టికి సరిపోయాయి. మూడుసార్లు తిప్పి గ్యాసు పొయ్యి మీద పడేసింది. ఆ గాలికి పొగ పుట్టిన చోటు నుంచే సముద్రం దాటిపోయింది. రాజ్యం ముక్కు ఎగబీల్చి అందరి వంకా చూసింది.

"కాస్తన్నా ఘాటొచ్చిందా? లేదుగా? ఎంత దిష్టి ఉందో చూశారా!"

అప్పుడు విద్యాసాగర్ వచ్చాడు. హైదరాబాదు మనిషి, ఒక కంపెనీలో రోడ్ల నక్షాలు సరిచూసే ఉద్యోగం. ఎక్కడైనా ఒక విషయం ఎవరికైనా అర్థం కావడం లేదంటే ఆయన అక్కడికి చేరతాడు. "అరే రాజ్యం గారూ, దయ్యం లేదు, ఏం లేదు. దాన్ని సాంప్లింగ్ అంటారు. సింపుల్. అమ్మాయికి రాళ్ళు కావాలి, అంతే."

ప్రణీత కృతజ్ఞతగా తలెత్తి చూసింది. అదే ఆమె తొందరపాటు.

"రాళ్ళేనా?" అంది రాజ్యం. "ఎన్ని కావాలే?"

"తొంభై ఆంటీ. కానీ నేనే..."

"తొంభైయ్యేనా! ఇంతమందిమి ఉండి తొంభై రాళ్ళు ఏరలేమా?"

పదిహేడు మందిలో పదహారు మంది వంగారు. గంట తిరక్కుండా ప్రణీత ముందు రాళ్ళు కుప్ప పడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి మామూలు రాయి లేదు. తెల్ల చారలవి, పచ్చనివి, కోడిగుడ్డులాంటివి, హృదయం ఆకారంలో ఉన్నవి. "చూశావా, ఎంత మంచివి ఏరానో! ఒక్క గరుకు రాయి కూడా లేదు" అంది రాజ్యం. ఏరిన కొద్దీ వాళ్ళకు రాళ్ళ మీద మమకారం పెరిగింది. ఒకటి ఆవకాయ జాడీ మీద బరువుకు పనికొస్తుందన్నారు. ఇంకొకటి అల్లం దంచడానికి బాగుంటుందన్నారు. నల్లటి నున్నటి రాయి ఒకటి దొరికితే రాజ్యం కళ్ళకద్దుకుని కొంగులో వేసుకుంది. తులసి కుండీ చుట్టూ పేర్చడానికి ఇంకొన్ని, వాకిట్లో దారికి ఇంకొన్ని. ఖాళీ బాస్మతి సంచులు కార్లలోంచి దిగాయి. విఠల్ బరువులు మోసే మనిషి కాబట్టి, నిండిన సంచీని నిండినట్టే వ్యానుకు చేరవేసే పని అతనికి పడింది.

"బాపూ, నా లెక్క..." అంది ప్రణీత, అతను సంచీతో పక్క నుంచి పోతుంటే.

"అయితది బిడ్డా, అందరు చేస్తున్నరు కదా" అన్నాడు విఠల్ రొప్పుతూ. అతని ముఖంలో సంతోషం చూసి ఆమె ఊరుకుంది. ఈ దేశంలో ఇంతమంది కలిసి తన బిడ్డ కోసం ఒక పని చేయడం అతను అంతకుముందు చూడలేదు.

విద్యాసాగర్ ఆమె పక్కన కూలబడి ఫోను తీశాడు. "నీకెందుకమ్మా ఈ చలిలో ఇదంతా? థియరీ ఏంటి? అల రాళ్ళను తోసుకుపోతుంది, పోయినకొద్దీ అవి అరుగుతాయి. అంటే ఈ చివర పెద్దవి, నడుమ మధ్యరకం, ఆ చివర చిన్నవి. అంతే కదా? తొంభై నంబర్లు నేను వేసిస్తా. డెసిమల్స్‌తో సహా. గ్రాఫ్ గీస్తే దారం పట్టినట్టు వస్తుంది." పది నిమిషాల్లో పట్టిక తయారుచేసి ఆమె ఫోనుకు పంపేశాడు.

"థాంక్స్ అంకుల్" అంది ప్రణీత. పెద్దవాళ్ళు ఏదిచ్చినా అనే మాట అది.

వ్యానులోకి తొమ్మిదో సంచీ ఎక్కుతుండగా ఒక ముసలాయన కుక్కతో వచ్చి ఆగాడు. ఆ చలిలో పొట్టి లాగు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. దగ్గర్లోనే ఉంటాడట. పోతూ వస్తూ అందరూ ఒకటో రెండో రాళ్ళు జేబులో వేసుకోవడం చూశాను గానీ వ్యాను తెచ్చినవాళ్ళను ఇదే చూడటం అన్నాడు. ఇవన్నీ దేనికని మర్యాదగానే అడిగాడు.

"స్కూల్ ప్రాజెక్ట్" అన్నాడు విద్యాసాగర్.

"ఎవరిది?"

అందరి వేళ్ళూ ఒక్కసారే ప్రణీత వైపు తిరిగాయి. ముసలాయన ఆమెను చూశాడు, తొమ్మిది సంచుల్ని చూశాడు, ఫోటో తీశాడు. ఏ బడి అని అడిగితే విద్యాసాగర్ బడి పేరు, టీచరు పేరు గర్వంగా చెప్పాడు. ఆ తర్వాత, సముద్రం కొత్త రాళ్ళు తెస్తూనే ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదని ఆయనకు వివరించడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా రోజూ సముద్రాన్ని చూస్తున్న ముసలాయన అంత సులువుగా ఒప్పుకోలేదు. ఇద్దరికీ పట్టుదల వచ్చింది. వినడానికి అందరూ వ్యాను చుట్టూ చేరారు. రాజ్యం ముసలాయనకు బజ్జీలు పెట్టింది. ఆయన తిన్నాడు గానీ మాట మార్చలేదు.

ఆ గొడవ గంటంబావు సాగింది. ప్రణీతకు ఆ ఎనిమిది నెలల్లో దొరికిన మంచి సమయం అదే.

ఆమె మొదటి చోటికి తిరిగి వెళ్ళి, పద్దెనిమిది రాళ్ళ లెక్క కొట్టేసి, ఒకటి నుంచి మొదలుపెట్టింది. కళ్ళు మూసుకోవడం, అడుగు వేయడం, వంగడం. వేళ్ళు కొయ్యబారి కాలిపర్స్ జారిపోతుంటే చంకల్లో పెట్టుకుని కాచుకుంది. అరవయ్యో రాయి దగ్గర చినుకులు పడ్డాయి, నోటుపుస్తకం మీద వంగి ఒంటితో అడ్డు పెట్టింది. దూరంగా వ్యాను పక్కన బాపు ఒకసారి ఇటు తిరిగి చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. తొంభై.

లెక్క పుస్తకంలో చెప్పినట్టు రాలేదు. నడిమి చోట రాళ్ళు మొదటి చోటి కంటే పెద్దవిగా ఉన్నాయి. తప్పు కొలిచానేమోనని పది రాళ్ళు మళ్ళీ కొలిచింది. తప్పు కాదు. ఇంటికి వెళ్ళాక విద్యాసాగర్ పంపిన పట్టిక తెరిచి చూసింది. దారం పట్టినట్టే ఉంది. మూసేసింది. తన అంకెలతోనే గ్రాఫ్ గీసి, కింద ఇంగ్లిషులో ఒక్కొక్క మాటే వెతుక్కుని రాసింది: 'నడిమి రాళ్ళు ఎందుకు పెద్దవో నాకు తెలియదు. తుఫాను తెచ్చి ఉండవచ్చు. లేదా మనుషులు అక్కడ చిన్న అందమైన రాళ్ళు ఏరుకుపోయి ఉండవచ్చు. ఆ రోజు అలా జరగడం నేను చూశాను.' నాలుగు పేజీలకు ఎనిమిది రాత్రులు పట్టింది.

రెండు వారాల తర్వాత బడి నుంచి మెయిలు వచ్చింది. 'ప్రణీత నివేదిక గురించి మాట్లాడాలి, తల్లిదండ్రులు రాగలరా?' అని ఉంది. విఠల్ దాన్ని విద్యాసాగర్‌కు చూపించాడు.

"మాట్లాడాలి అంటే ఇంకేంటి, అప్రిషియేట్ చేస్తారు" అన్నాడు విద్యాసాగర్. "నా గ్రాఫ్ మరి."

"అయితే సన్మానమే!" అంది రాజ్యం. బడికి సెలవు ఇచ్చినా అంత సందడి ఉండదు. బుధవారం మధ్యాహ్నం మిస్ హార్పర్ గదిలోకి అయిదుగురు ప్రవేశించారు. ఇస్త్రీ చొక్కాలో విఠల్, పట్టుచీరలో సావిత్రి, ఇంగ్లిషు చెప్పడానికి విద్యాసాగర్, లడ్డూల డబ్బాతో రాజ్యం, అందరి వెనక ప్రణీత. అదనపు కుర్చీల కోసం మిస్ హార్పర్ పక్క గదికి వెళ్ళాల్సి వచ్చింది.

బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి, కట్ట మీది ముసలాయన బడికి పంపిన ఫోటో, తొమ్మిది బాస్మతి సంచులతో వ్యాను, చుట్టూ జనం. మిస్ హార్పర్ దాన్నే ముందు చూపించింది. రాళ్ళు ఎక్కడివి అక్కడ తిరిగి పోస్తే బాగుంటుందంది. విఠల్ సిగ్గుపడి, శనివారమే పోసి వస్తానన్నాడు. రాజ్యం విద్యాసాగర్ చెవిలో, "మిగతావి ఇస్తాం గానీ, ఆ నల్లరాయికి బొట్టు పెట్టేశానని చెప్పండి. ఇప్పుడు కదపకూడదు" అంది. విద్యాసాగర్ దాన్ని అనువదించలేదు.

"సరే, ఇక అసలు సంగతి" అని మిస్ హార్పర్ రెండో కాగితం తీసింది. అది ప్రణీత నివేదిక. టీచరు ముఖం విప్పారింది. "ఈ ఏడాది నేను చదివిన వాటిలో ఇది చాలా మంచిది. పుస్తకంతో కలవని లెక్కను దాచకుండా రాసింది. ఇది పాస్ చేసి ప్రణీతను నా తరగతిలోనే ఉంచుకోవాలని ఉంది. కానీ ఆ ఫోటోలో చాలామంది ఉన్నారు. అందుకే అడగక తప్పడం లేదు. ఈ కొలతలు తనొక్కతే చేసిందా?"

విద్యాసాగర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయి తెలివైనదే. కానీ నిజం చెప్పాలంటే, ఆ నంబర్లు నావి." వినయంగా నవ్వి ఫోను తెరిచి బల్ల మీద పెట్టాడు.

మిస్ హార్పర్ ఫోనునూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని వేలితో గీత వెంట గీత చూసుకుంటూ పోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తర్వాత తలెత్తింది, కళ్ళలో నవ్వు.

"ఇందులో ఒక్క అంకె కూడా కలవడం లేదు. ఈమె మీది వాడుకోలేదు."

మిస్ హార్పర్ సంతకానికి కలం తీసింది.

విద్యాసాగర్ ముఖం ఎర్రబడింది. విఠల్ వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "ఏంటి విఠల్ ఇది? నేను ఇచ్చినవి వేయలేదట. మరి ఈ తొంభై నంబర్లు ఎక్కడివి? అక్కడ మనమంతా వ్యాను దగ్గరే ఉన్నాం కదా. ఎవరైనా చూశారా ఈ పిల్ల కొలవడం? ఊరికే కూర్చుని సొంతంగా కల్పించి రాసిందా?"

సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, టీచరమ్మకు అనుమానం వచ్చిందా?"

విఠల్‌కు టీచరు ఇంగ్లిషు అందలేదు గానీ, విద్యాసాగర్ మాటలను బట్టి బిడ్డ దొంగలెక్క రాసిందని ఆమె అంటోందని మాత్రం అర్థమైంది. తను ఎరిగిన లోకంలో సాక్షి లేని కొలతకు విలువ లేదు. పొలం కొలిచినా, ధాన్యం కొలిచినా పక్కన ఒక మనిషి నిలబడాలి. ఆ రోజు అంత చలిలో తను బిడ్డ పక్కన లేడన్న సంగతి కూడా అతనికి గుర్తుంది. ఒక టీచరు ముందు, నలుగురి ముందు, ఆ మాట ఏ తండ్రి ఒప్పుకుంటాడు? అతను కుర్చీలోంచి లేచాడు.

"నో మేడం. నో చీటింగ్. మై డాటర్ గుడ్ గర్ల్." గొట్టాలు మోసి కాయలు కాసిన రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఐ మెజర్. షి రైట్."

మిస్ హార్పర్ కలం కాగితం మీద ఆగిపోయింది. "అన్నీ మీరే కొలిచారా?"

"ఆల్ నైంటీ" అన్నాడు విఠల్, ఛాతీ విరిచి.

మిస్ హార్పర్ ప్రణీత వైపు తిరిగింది. "ప్రణీతా, మీ నాన్నగారు చెప్పింది నిజమేనా? నువ్వు చెబితే నేను నమ్ముతాను."

చెప్పాల్సిన మాట ఒక్కటే, 'నో'. ఆ మాట ఆమెకు వచ్చు. కానీ అది అంటే బాపు అబద్ధాలకోరు అవుతాడు. టీచరు ముందు, విద్యాసాగర్ అంకుల్ ముందు. రాజ్యం ఆంటీ ముందు అవుతాడు కాబట్టి సాయంత్రానికి ఊళ్ళోని తెలుగు ఇళ్ళన్నిటి ముందూ అవుతాడు. ఆమె తండ్రి ముఖం చూసింది. మునిగిపోతున్న బిడ్డను ఒడ్డుకు లాగినవాడి ముఖం అది. చెమటలు పట్టి, మెరిసిపోతూ ఉంది.

"యెస్ మిస్" అంది.

మిస్ హార్పర్ కలానికి మూత పెట్టింది. ఏమీ కోప్పడలేదు. ఫారంలో ఏదో చిన్నగా రాసి పక్కన పెట్టింది. లడ్డూ తీసుకోమని రాజ్యం బలవంతం చేస్తే ఒకటి తీసుకుంది గానీ తినలేదు.

బయటికి వచ్చాక విఠల్ బిడ్డ తల నిమిరాడు. "భయపడకు బిడ్డా, నేనున్న కదా."

"ఇయ్యాల మీ బాపు గిట్ల రాకపోతే ఏమైపోతుండెనో" అంది సావిత్రి కళ్ళు తుడుచుకుంటూ.

"ఆయన సాక్ష్యంతో బతికిపోయింది పిల్ల" అంది రాజ్యం. విద్యాసాగర్ మాత్రం కారు తలుపు తీస్తూ అన్నాడు. "నా నంబర్లు వేసుంటే ఈ గొడవే ఉండేది కాదు."

శనివారం విఠల్ ఒక్కడే ఎనిమిది సంచుల రాళ్ళు కట్ట మీద పోసి వచ్చాడు. తొమ్మిదోది రాజ్యం ఇంట్లోనే ఉండిపోయింది. సోమవారం బడి నుంచి రెండో మెయిలు వచ్చింది. ప్రణీతకు ప్రత్యేక శ్రద్ధ అవసరమని, అందుకు ప్రత్యేకమైన గది ఏర్పాటు చేశామని ఉంది. విద్యాసాగర్ చదివి చెబితే, తమ బిడ్డను ప్రత్యేకంగా చూసుకుంటున్నందుకు విఠల్ పొంగిపోయాడు. రాజ్యం మళ్ళీ లడ్డూలు చేసింది.

టర్ము మారాక కొత్త గదిలో ప్రణీతకు అరటిపండు బొమ్మ అతికించిన కిటికీ పక్కన చోటు దొరికింది. మొదటి వారం అక్కడి టీచరు ఒక పేజీ వ్యాసం రాయమంది. అంశం: 'నాన్న నాకు సాయం చేసిన రోజు'. ప్రణీత ఆలోచించకుండా రాసుకుంటూ పోయింది. మంచుగాలిలో నాన్న తన పక్కనే నిలబడ్డాడని, ఒక్కో రాయీ కొలిచి అంకె గట్టిగా చదివాడని, వాన వస్తే తన కోటు విప్పి నోటుపుస్తకానికి అడ్డం పట్టాడని, తొంభయ్యో రాయి దాకా ఒక్కసారి కూడా పక్క నుంచి కదలలేదని.

మర్నాడు కాగితం తిరిగి వచ్చింది. కింద ఆకుపచ్చ సిరాతో రాసి ఉంది: 'చాలా బాగుంది. ఎవరి సాయమూ లేకుండా, చూసింది చూసినట్టు నువ్వే రాశావని చదవగానే తెలుస్తోంది.'